పేపరు వేసేవారు, వార్త వేసేవారు: ఎవరిని ఏమనాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. 1952 నాటి మద్రాసు నేపథ్యంగా తెలుగులో నవల రాస్తున్నారు. జార్జ్‌టౌన్‌లో పత్రికలు అమ్మే దుకాణదారు, ఇంటింటికీ పేపరు చేరవేసే కుర్రవాడు, నెల్లూరు నుంచి వార్తలు పంపే ఒక పెద్దమనిషి, మద్రాసు కార్యాలయంలో ఆ వార్తలు దిద్దేవారు, అందరి పైన సంపాదకుడు అందులో పాత్రలు. రాసేవారినందరినీ 'విలేకరి' అని, అమ్మేవారినందరినీ 'పేపరువాడు' అని రాశారు. చదివిన స్నేహితురాలు ఎవరెవరో తెలియడం లేదన్నారు. ఆంగ్లంలో ఒక్కొక్కరికి ఒక్కో మాట ఉంది, తెలుగులో లేవా అన్నది మీ సందేహం. చెన్నైలో పుట్టి పెరిగినందువల్ల ఏది తమిళ మాటో, ఏది మన మాటో తేల్చుకోలేకపోతున్నానని కూడా రాశారు.

మాటలకు కొరత లేదు. చెన్నైలో తెలుగు పత్రిక డెస్కు (వార్తలు దిద్దే బల్ల) మీద బతికినవాడిగా ఈ మాట ధైర్యంగా చెప్పగలను. చిక్కు వేరే చోట ఉంది. రాసేవారి కోసం తెలుగు సంస్కృతం నుంచి బరువైన నామవాచకాలు తెచ్చుకుంది. అమ్మేవారికీ పంచేవారికీ ఆ మర్యాద చేయలేదు, వారిని ఇవాళ్టికీ చేసే పనిని బట్టే పిలుస్తుంది. మీ నవలలోనూ అలాగే చేయండి. రాసేవారికి నామవాచకం ఇవ్వండి, అమ్మేవారిని క్రియకు వదిలేయండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ముందు ఆ కుర్రవాడి సంగతి చూద్దాం. అతడు 'పేపరు వేసే అబ్బాయి'. ఈ 'వేయు' అన్న క్రియను తక్కువగా చూడకండి. పాలవాడు పాలు పోస్తాడు, తపాలా జవాను ఉత్తరం ఇస్తాడు, పేపరు కుర్రవాడు మాత్రం పేపరు వేస్తాడు. అదే క్రియ పత్రిక కార్యాలయం లోపల కూడా పనిచేస్తుంది. 'మా వీధి మురుగు గురించి ఒక వార్త వేయండి' అని జనం విలేకరిని అడుగుతారు. 'మొన్ననే రాసిచ్చాం, ఇంకా వేయలేదేం?' అని నిలదీసేదీ ఆ మాటతోనే. పత్రికలు లేని రోజుల్లో ఊళ్లో దండోరా వేసేవారు, టముకు వేసేవారు. అరుగు మీద పేపరు పడవేసే కుర్రవాడికీ, అందులో ఏ వార్త పడాలో నిర్ణయించే పెద్దమనిషికీ తెలుగు ఒకే క్రియ అంటగట్టింది. నాకు ఇందులో గొప్ప న్యాయం కనిపిస్తుంది.

తమిళ ప్రభావం గురించి ఇక్కడ బెంగ అక్కరలేదు. తమిళులు 'పోడు' అన్న క్రియను అచ్చం ఇలాగే వాడతారు. పేపర్ పోడువారు, సెయ్ది పోడువారు. చెన్నైలోని తెలుగు ఇళ్లలో 'పేపరు వేసే అతను ఇంకా రాలేదు' అంటే అది తమిళానికి అనువాదమని ఎవరైనా మిమ్మల్ని దబాయిస్తే లొంగకండి. బందరులోనూ అదే మాట, కర్నూలులోనూ అదే మాట.

'పత్రికా విక్రేత', 'వార్తాపత్రికల వితరణకారుడు' లాంటివి మాత్రం దయచేసి వద్దు. అవి దరఖాస్తు ఫారాల్లో, సంఘాల తీర్మానాల్లో బతుకుతాయి. నోటితో ఎవరూ అనరు. 'పేపర్ బాయ్' ఇవాళ నిజంగానే అందరూ అనే మాట. 1952 పాత్ర నోట 'పేపరు కుర్రవాడు', 'పేపరు అబ్బాయి' అనిపిస్తే సరిపోతుంది.

అతడి పని చూపించాలంటే మీకు పరిశోధన అవసరం లేదు. తెల్లవారకముందే లేచి టి.నగర్‌లో పేపర్లు దిగే ఏ మూలకైనా వెళ్లండి. మూసిన దుకాణం మెట్ల మీద వ్యాను నుంచి కట్టలు దభీమని పడతాయి. ఒకడు బ్లేడుతో కట్టు తెంపుతాడు. పైన ఉన్న రెండు మూడు ప్రతులు నలిగో తడిసో ఉంటాయి, వాటిని పక్కన పెట్టి అడుగున సర్దుతాడు. మిగతావారు చతికిలబడి, ప్రధాన పత్రిక మడత విప్పి అనుబంధం అందులో దూరుస్తారు, దాని మీద ఏ నగల దుకాణం కరపత్రమో. లెక్కపెట్టేటప్పుడు ప్రతులను పూర్తిగా తీయరు, అంచులను బొటనవేలితో ఎగరేస్తూ పోతారు. ఏ ఇంటికి ఏ పత్రికో రాసిన కాగితం ఎవరి చేతిలోనూ ఉండదు. ఒక ఇంటికి ఆంగ్ల పత్రిక, పక్కింటికి తమిళం, మేడ మీద ముసలాయనకు తెలుగు. కట్ట పేర్చిన వరుసలోనే వీధి మొత్తం ఉంటుంది. 1952కు తగినట్టు మీరు కరపత్రాలు, అనుబంధాలు, మోపెడ్లు తీసేయండి. కట్ట, లెక్క, మడత, సైకిలు మిగులుతాయి.

'పేపరు' అనాలా, 'పత్రిక' అనాలా అన్నది చిన్న విషయమే అయినా పాత్రను పట్టిస్తుంది. ఈ నగరంలోని చాలా తెలుగు ఇళ్లలో 'వాళ్లు వచ్చి పత్రిక ఇచ్చి వెళ్లారు' అంటే పెళ్లి పత్రిక అని అర్థం. తమిళంలోనూ అంతే. అందుకని సంభాషణల్లో 'పేపరు', కథకుడి మాటల్లో 'పత్రిక' పెట్టుకోండి.

ఇక దుకాణదారు. ఆయన 'ఏజెంటు', కాస్త గౌరవంగా 'ఏజెంటు గారు'. దీన్ని తెలుగు చేయాలని ప్రయత్నించకండి, తెలుగువారు ఏనాడో సొంతం చేసుకున్న మాట అది. పత్రిక యాజమాన్యం దగ్గర డిపాజిట్టు కట్టి, ఇన్ని ప్రతులని చెప్పి తెప్పించుకుని, ప్రతికి ఇంత అని కమిషను తీసుకునేవాడు ఏజెంటు. నెలనెలా డబ్బు కట్టి ఇంటికి వేయించుకునేవాడు చందాదారు. దుకాణంలో తాడుకు వేలాడదీసి అమ్మేది విడి ప్రతి. అమ్ముడుపోక వెనక్కి పోయేవి రిటర్న్స్. ఏజెంటు మనస్తత్వం అంతా ఈ చివరి మాటలో ఉంటుంది. ప్రతులు ఎక్కువ తెప్పిస్తే మిగిలిపోతాయి, తక్కువ తెప్పిస్తే సంచలన వార్త వచ్చిన రోజున చేతులు ఊపుకుంటూ నిలబడాలి. మీ కథా కాలంలో అలాంటి రోజులు బోలెడు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరశన మొదలుపెట్టారు, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. డిసెంబరు 16 ఉదయానికి మీ ఏజెంటు ఎన్ని ప్రతులు చెప్పి ఉంటాడు? ముందురోజు సాయంత్రం అతడి చేతిలో ఏ సమాచారం ఉంది? నేనైతే ఆ ఒక్క లెక్క మీద ఒక అధ్యాయం రాస్తాను.

'ఏజెంటు' ఉన్నాడు కదా అని అతడి వ్యాపారాన్ని 'ఏజెన్సీ' అని ఊరికే రాసేయకండి. తెలుగు డెస్కుల మీద ఆ మాటకు మూడు అర్థాలు నడుస్తాయి. ఒకటి పత్రిక అమ్మే ఏజెన్సీ. రెండోది వార్తా సంస్థ, అంటే పీటీఐ లాంటిది ('ఏజెన్సీ కాపీ వచ్చిందా?' అంటే దాని నుంచి వచ్చిన వార్త అని). మూడోది మన్యం, గిరిజన ప్రాంతం. 'ఏజెన్సీలో జ్వరాలు' అన్న శీర్షిక చూసి మీ దుకాణదారుకు జ్వరం వచ్చిందని ఎవరూ అనుకోరు లెండి, కానీ కథలో ఈ అయోమయాన్ని సరదాగా వాడుకోవచ్చు. పీటీఐ మాట వచ్చింది కనుక చెబుతున్నాను, ఆ సంస్థ 1947 ఆగస్టు 27న నమోదైంది మద్రాసులోనే.

రాసేవారి దగ్గరికి వద్దాం. నెల్లూరు పెద్దమనిషి 'విలేఖరి'. దస్తావేజు లేఖరి తెలుసు కదా, రిజిస్ట్రేషను కార్యాలయం చెట్టు కింద కూర్చునే ఆయన. ఇద్దరిదీ రాత బతుకే, 'లేఖ'తో ముడిపడిందే. 'విలేఖరి', 'విలేకరి' రెండూ అచ్చులో కనిపిస్తాయి. ఇవాళ్టి పత్రికల్లో వత్తు లేనిదే ఎక్కువ. మీది పాత కథ కనుక నేను వత్తు ఉంచుతాను. ఏది ఎంచుకున్నా చివరిదాకా అదే ఉండాలి.

ఆయన్ని 'స్ట్రింగర్' అని గానీ 'కంట్రిబ్యూటర్' అని గానీ అనకండి. మండలానికొక కంట్రిబ్యూటర్ అన్న ఏర్పాటు మీ కథ ముగిసిన ఎన్నో ఏళ్లకు వచ్చింది. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, తర్వాత జిల్లాకొక చిన్న పత్రికను జతచేసి ఇవ్వడం, మిగతావారూ అదే దారి పట్టడం, దానితో ప్రతి మండలంలోనూ రాసే మనిషి కావలసి రావడం, ఇదంతా వేరే యుగం. ఆ కంట్రిబ్యూటర్లకు జీతం ఉండదు, 'లైన్ అకౌంట్' ఉంటుంది. అచ్చయిన తన వార్తలను కత్తిరించి, కాగితం మీద అంటించి, స్కేలు పెట్టి కొలిచి పంపితే ఆ కొలతకు డబ్బు వచ్చేది. వార్తలు రాసిన కవరును సాయంత్రం బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి, అవతల బస్టాండులో మన మనిషి అందుకునేదాకా గోళ్లు కొరుక్కునేవారు. ఆ కవరు ఏ సీటు కిందో జారిపోతే ఒక మండలం వార్తలన్నీ ఆ రోజుకు లేనట్టే. 'స్ట్రింగర్' అన్న ఆంగ్ల పదం కూడా వార్త పొడవును దారంతో కొలిచి డబ్బు ఇవ్వడం నుంచి వచ్చిందని చెబుతారు.

మీ నెల్లూరు ఆయనకు ఇవేవీ లేవు. అప్పటికి నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోదే, ఉత్తరం రైలులో వస్తుంది, తొందర వార్త అయితే తంతి (టెలిగ్రాము) ఇస్తాడు. ఆయన అసలు వృత్తి బడిపంతులో, ప్లీడరో, కాంగ్రెసు కార్యకర్తో చేయండి. పత్రికకు రాయడం ఆయనకు ఊళ్లో పరువు, జేబుకు పెద్దగా కాదు. అచ్చులో ఆయన పేరు ఉండదు, 'మా నెల్లూరు విలేఖరి' అని ఉంటే చాలు, ఊరంతటికీ అది ఎవరో తెలుసు. తెలియాలనే ఆయన కోరిక కూడా. ఇంకాస్త హోదా గల మనిషిని 'ప్రతినిధి' అనండి. 'ప్రత్యేక ప్రతినిధి' అంటే రాజధానిలో మంత్రుల గదుల చుట్టూ తిరిగేవాడు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. శ్రామిక పాత్రికేయుల చట్టం 1955లో వచ్చింది. అందులో పాత్రికేయులు ఎవరన్న నిర్వచనంలో సంపాదకుడు, సంపాదకీయ రచయిత, న్యూస్ ఎడిటర్, ఉపసంపాదకుడు, ఫీచర్ రచయిత, కాపీ టెస్టర్, రిపోర్టర్, కరెస్పాండెంట్, కార్టూనిస్టు, న్యూస్ ఫొటోగ్రాఫర్, ప్రూఫ్ రీడర్ ఉండేవారు. ప్రధాన వృత్తి పత్రికా రచనే అయి ఉండాలన్న షరతు కూడా ఉండేది. ప్రూఫులు దిద్దే ఆయన చట్టం కళ్లకు పాత్రికేయుడయ్యాడు. ఊళ్లో అందరూ 'విలేఖరి గారూ' అని నమస్కారం పెట్టే మన నెల్లూరు పంతులు కాలేదు. పేపరు వేసే కుర్రవాడి ఊసు ఎలాగూ లేదు. ఆ నిర్వచనం రిపోర్టర్‌నూ కరెస్పాండెంట్‌నూ వేరుగా చూసింది. ఉన్న ఊళ్లోనే తిరిగి రాసేవాడు మొదటివాడు, పొరుగూరు నుంచి రాసి పంపేవాడు రెండోవాడు. తెలుగులో ఇద్దరూ విలేఖరులే, ఊరి పేరు ముందు చేర్చి తేడా చూపిస్తాం. మద్రాసు వీధుల్లో తిరిగే యువకుడిని 'రిపోర్టరు' అనే రాయండి, ఆ రోజుల్లోనూ ఆ మాట చెల్లుతుంది.

తమిళులు 'నిరుబర్' అంటారు. నిరుబం అంటే ఉత్తరం, కనుక అది మన విలేఖరికి దగ్గరి చుట్టమే. 'సెయ్దియాళర్' అంటే వార్తలవాడు. మీ రాతలో ఇవి చొరబడే ప్రమాదం పెద్దగా లేదు. అసలు ప్రమాదం 'ఆసిరియర్' దగ్గర ఉంది. తమిళంలో ఉపాధ్యాయుడూ ఆసిరియరే, పత్రిక సంపాదకుడూ ఆసిరియరే. తమిళ మూలం చూసి రాసేటప్పుడు దినపత్రిక ఆసిరియర్‌ను బడిపంతులుగా మార్చిన అనువాదాలు నా బల్ల మీదికి వచ్చాయి. 'ఉదవి ఆసిరియర్' వస్తే అది సహాయ ఉపాధ్యాయుడా, ఉపసంపాదకుడా అని సందర్భం చూసి తేల్చుకోండి.

కార్యాలయం లోపలివారిని నవలాకారులు తరచూ మరచిపోతారు, మీరు మరవనందుకు సంతోషం. 1952లో మద్రాసులో తెలుగు దినపత్రిక అంటే ప్రధానంగా రెండు చిరునామాలు. ఒకటి తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రికగా మార్చారు. ఆయన 1938లో పోయాక అల్లుడు శివలెంక శంభుప్రసాద్ నడిపారు. రెండోది ఎక్స్‌ప్రెస్ ఎస్టేట్‌లో ఆంధ్రప్రభ. 1938 ఆగస్టు 15న ఖాసా సుబ్బారావు సంపాదకుడిగా పుట్టింది. మీ కథా కాలానికి నార్ల వెంకటేశ్వరరావు సంపాదకులు. ఇప్పుడు ఆ చోట ఎక్స్‌ప్రెస్ అవెన్యూ మాల్ ఉంది, చూసి ప్రయోజనం లేదు. తంబుచెట్టి వీధి అయితే ఇప్పటికీ తిరగడానికి పనికొస్తుంది. మీ దుకాణం జార్జ్‌టౌన్‌లోనే కనుక, కట్ట రావడానికి వ్యాను కూడా అక్కరలేదు, భుజాన వేసుకుని నడిచి రావచ్చు.

ఆ కార్యాలయాల్లో ఉపసంపాదకుడి పని పేరులో కనిపించదు. టెలిప్రింటరు (దూరం నుంచి వచ్చే వార్తను కాగితం మీద అచ్చుకొట్టే యంత్రం) మీద ఆంగ్లంలో దిగే వార్తను చించి తెచ్చి తెలుగు చేయడమే అతడి రాత్రి అంతా. నిజానికి అతడు అనువాదకుడు. లండను వార్తకూ, ఢిల్లీ వార్తకూ అప్పటికప్పుడు తెలుగు మాటలు పుట్టించినవారు వీరే. ఇవాళ మనం అలవోకగా అనే పరిపాలన మాటలు ఎన్నో ఇలాంటి బల్లల మీద, నిద్రమత్తులో తయారైనవి. నెల్లూరు పంతులు ఆరు పేజీల్లో ఉపన్యాసం మొత్తం రాసి పంపితే దాన్ని ఆరు వాక్యాలకు దించేవాడూ అతడే. వీరిద్దరి మధ్య పడదు. మీకు కావలసిన తగవు ఇక్కడ సిద్ధంగా ఉంది. సంభాషణల్లో 'సబ్‌ఎడిటరు', కథనంలో 'ఉపసంపాదకుడు'. అతడి తర్వాత అక్షరాలు ఏరి కూర్చే కంపోజిటరు, గేలీ ప్రూఫులు (పేజీగా కూర్చకముందు తీసే అచ్చు నకళ్లు) దిద్దే ఆయన. వీరికి తెలుగు పేర్లు వెతకకండి, ఆ పేర్లతోనే పెళ్లి సంబంధాలు కూడా కుదిరాయి.

'సంపాదకుడు' అన్న మాట మీద సంపాదన లేని సంపాదకుడని హాస్యాలు చాలా ఉన్నాయి, అరిగిపోయాయి, వదిలేయండి. మీకు పనికొచ్చేది చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే వరుస. ముద్రించినవారు, ప్రచురించినవారు, సంపాదకుడు ఎవరన్నది అక్కడ ఉంటుంది. 1867 నాటి చట్టం నుంచి వచ్చిన ఆనవాయితీ అది. పోలీసులు వచ్చినా, పరువు నష్టం దావా పడినా ముందు చూసేది ఆ వరుసనే. రాసిన విలేఖరి పేరు వార్తలో లేకపోయినా, ఆ పేరు మాత్రం అక్కడ ఉండి తీరాలి.

'పాత్రికేయుడు' మంచి మాట, వ్యాసాలకు బాగుంటుంది. మీ కాలానికి 'పత్రికా రచయిత' ఎక్కువ నప్పుతుంది. పాత పుస్తకాల్లో తరచూ కనిపించేది అదే. స్త్రీ పాత్ర పెడితే 'పాత్రికేయురాలు', 'రచయిత్రి' అని తోకలు తగిలించాల్సి వస్తుంది. 'విలేఖరి'కి ఆ బాధ లేదు, ఎవరికైనా అదే.

తిట్టడానికి మాటలు కావాలంటే అవీ ఉన్నాయి. అక్కడి మాట ఇక్కడ చేర్చి తగువు పెట్టేవాడు నారదుడు. ఊరికే ఊసులు మోసేవాడు కబుర్లపోగు. రహస్యంగా తెలుసుకునేవాడు వేగులవాడు. నిర్ధారణ కాని సమాచారానికి భోగట్టా. మీ ఏజెంటు నోట ఈ చివరి మాట బాగా పండుతుంది, 'భోగట్టా ఏమిటి?' అని ప్రతి రిపోర్టరునూ అడిగిస్తే చాలు. 'వర్తమానం' కూడా వాడండి. ఇప్పుడు వ్యాకరణంలో కాలానికే మిగిలింది గానీ, ఒకప్పుడు వార్త అంటే అదే. ఈ నగరంలోనే 1838లో 'వృత్తాంతిని', 1842లో 'వర్తమాన తరంగిణి' అన్న తెలుగు పత్రికలు వచ్చాయి. అంతకు ముందు 1835లో బళ్లారిలో వచ్చినదాని పేరు 'సత్యదూత'. వార్త తెచ్చేవాడిని దూత అనడం అప్పటికి సహజం. 'తంతి'ని కూడా పోనివ్వకండి. తమిళంలో ఒక దినపత్రిక పేరులోనే అది నిలిచిపోయింది, మనవాళ్లు టెలిగ్రాముతో పాటే మరచిపోయారు.

రేడియో గురించి అడగలేదు గానీ, 1952 కథలో అది మోగకుండా ఉండదు. రేడియోలో వార్తలు వినిపించే మనిషికి మీరు ప్రత్యేకంగా పేరు పెట్టనక్కరలేదు. 'వార్తలు చదువుతున్నది' అని తనే క్రియతో పరిచయం చేసుకుంటాడు. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16నే మొదలైనా, తెలుగు వార్తలు చదివేవారు ఢిల్లీలో ఉండేవారు. నటుడు జగ్గయ్య కూడా సినిమాల్లో స్థిరపడక ముందు అక్కడ చదివినవారే. కనుక ఆ గొంతు మీ పాత్రలందరి ఇళ్లలో వినిపించవచ్చు గానీ, ఆ మనిషిని మాత్రం మెరీనా ఒడ్డున ఎవరికీ ఎదురుపడనివ్వకండి.